బొగ్గింజన్ల కాలం నుంచి నా దగ్గరున్న పెంటాక్స్ కె1000

ఈ ఫిల్ము కెమెరాను, పట్టాల మధ్య దూరం తక్కువుండే మీటర్ గేజ్ రైళ్ల రోజుల నుంచి వాడుతున్నాను కాబట్టి అందరికీ తెలిసిన వివరాలు వదిలేస్తున్నా. ఈ కెమెరాలో నాకు ప్రాణం లాంటిది ఒక్కటే, షట్టర్ స్పీడు (వెలుతురు ఎంతసేపు పడాలో), ఎపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో) మనం ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి, అది తనంతట తాను దేన్నీ మార్చదు.

మహబూబ్‌నగర్‌లో మా మిద్దె ఎక్కితే పట్టాలు కనబడతాయి. అప్పట్లో ప్యాసింజరుకు వైపీ రకం బొగ్గింజను వచ్చేది. నల్లటి ఇంజను, తెల్లటి ఆవిరి ఒకే ఫొటోలో సరిగ్గా రావాలంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మాట వింటే కుదరదు. ఆవిరి ఎక్కువ కనబడితే మీటరు ముల్లు పైకి లేస్తుంది, సరే అని వెలుతురు తగ్గిస్తే ఇంజను నల్లటి ముద్దయిపోతుంది, ఆవిరేమో బూడిద రంగులో వస్తుంది. అందుకే బండి రాకముందే కట్ట పక్కన ఎండ పడే గడ్డి మీద రీడింగ్ తీసి పెట్టేవాణ్ణి, తర్వాత ముల్లు ఎటు పోయినా చూసేవాణ్ణి కాదు. ఆవిరి అందమంతా చలికాలం పొద్దుటిపూటే, మా ఎండల్లో అది కనబడకుండానే గాలిలో కలిసిపోయేది.

దీని అసలు విలువ తెలిసింది ఒక సంక్రాంతి ముందు. ఈ మీటరుకు స్విచ్ లేదు, లెన్సుకు క్యాప్ పెట్టి ఉంచితేనే సెల్లు మిగులుతుంది. పిల్లలెవరో క్యాప్ తీసి అట్లాగే అల్మారాలో పెట్టారు. మిద్దె ఎక్కి చూస్తే ముల్లు చచ్చిపడి ఉంది, అవతల గేటు పడింది, కూత వినబడుతోంది. టెన్షన్‌లో ఫిల్ము డబ్బాలోని కాగితం గుర్తొచ్చింది: 100 స్పీడు ఫిల్ముకు మంచి ఎండలో షట్టర్ స్పీడు 125 (సెకనులో 125వ వంతు), ఎపర్చరు ఎఫ్ 16. పొద్దుటి ఎండ కాబట్టి కొంచెం వెలుతురు పెంచి 250, ఎఫ్ 8 పెట్టి నొక్కాను (ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది). షట్టరు స్ప్రింగుతో నడిచేదే, సెల్లు లేకపోయినా టక్కుమని పడింది. ప్రింటు వచ్చాక చూస్తే చక్రాలను కలిపే కడ్డీలు, కిటికీ మీద ఆనించిన డ్రైవరు మోచెయ్యి, ఆవిరిలో పొరలు, అన్నీ ఉన్నాయి! ఆ ఫొటో ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది.

అయితే పైన అంత మెచ్చుకున్నా, స్పీడు, ఎపర్చరు అంకెలు వ్యూఫైండర్‌లో కనబడవు, చూసుకోవాలంటే కన్ను తీయాల్సిందే. ప్రతి ఫొటోకూ ఫిల్ము జరిపే లివర్ తిప్పాలి, అంతలో సగం బండి దాటిపోతుంది. కళ్లద్దాలు వచ్చాక ఫ్రేము అంచులు కూడా సరిగ్గా కనబడటం లేదు. 50 ఎంఎం లెన్సుతో మిద్దె మీది నుంచి బండి చిన్నగానే వస్తుంది, మా ఇల్లు కట్టకు దగ్గర కాబట్టి నాకు సరిపోయింది.

ఇప్పుడు బొగ్గింజన్లు లేవు, సికింద్రాబాద్ వైపు రెండో లైను పడి, స్తంభాలు, తీగలు వచ్చాయి. వందేభారత్‌ను తీయాలంటే మా మనవడి ఫోనే మేలు. ఫిల్ము ఖర్చు భరించగలిగి, బండి టైము తెలిసి, ఓపిగ్గా కాచుకునేవాళ్లయితేనే ఇది తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి అంచుల్లో వెలుతురు చొరబడకుండా పెట్టిన నల్ల స్పాంజి వేలికి జిగురుగా అంటుతోందేమో చూడండి, అంటితే అది మార్పించాకే రీలు వేయండి.