వీల్ లోడర్‌లో రాడ్ లివరా, పైలట్ కంట్రోలా?

వీల్ లోడర్ అంటే మట్టి, కంకర ఎత్తిపోసే చక్రాల యంత్రం. దాని బూమ్ (బకెట్‌ని ఎత్తే చేయి) లేవాలన్నా, బకెట్ తిరగాలన్నా హైడ్రాలిక్ ఆయిల్‌ని పంచే మెయిన్ వాల్వ్‌లోని స్పూల్ (ఆయిల్ దారులు తెరిచి మూసే కడ్డీ) జరగాలి. ఆ స్పూల్‌ని ఏది తోస్తుందన్నదే అసలు తేడా.

పాత పద్ధతిలో లివర్ నుంచి రాడ్డో కేబులో నేరుగా స్పూల్‌కి వెళ్తుంది. తోసేది ఆపరేటర్ చెయ్యే. స్ప్రింగ్ బలం, ఆయిల్ ప్రవాహం ఇచ్చే ఎదురుబలం చేతికే తగులుతాయి. పిన్నులు అరిగితే లివర్‌లో ప్లే (వదులు) వస్తుంది, కానీ ఆ అరుగుదల కంటికి కనిపిస్తుంది.

పైలట్ పద్ధతిలో లివర్ కింద చిన్న ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్ (ఒత్తిడి తగ్గించే వాల్వ్) ఉంటుంది. మెయిన్ లైన్‌లో ప్రెషర్ 200 బార్ దాటినా, దీనికి అందేది సాధారణంగా 30 బార్ దరిదాపుల్లోనే. లివర్ ఎంత వంచితే అంత ప్రెషర్ స్పూల్ చివరకు చేరుతుంది. అది స్ప్రింగ్‌ని నొక్కుతూ స్పూల్‌ని అంత మేరకే జరుపుతుంది. వేళ్లతోనే బకెట్‌ని నెమ్మదిగా, కచ్చితంగా నడపొచ్చు. రోజంతా లోడింగ్ చేసేవాళ్ల భుజాలకు ఇది నిజంగా పెద్ద ఊరట, అందుకే నా ఓటు దీనికే.

ఒక్క విషయం మాత్రం మరవకూడదు. ఇంజిన్ ఆగిపోతే రాడ్ లివర్‌తో స్పూల్‌ని తోసి బూమ్‌ని దాని బరువుతోనే దించొచ్చు. పైలట్‌లో అందుకు అక్యుములేటర్‌లో (ఆయిల్‌ని ఒత్తిడితో దాచి ఉంచే చిన్న పాత్రలో) నిల్వ ప్రెషర్ ఉండాలి, అదీ కాసేపే. మురికి ఆయిల్‌నీ పైలట్ పద్ధతి అసలు ఓర్చుకోదు. బూమ్, బకెట్ రెండూ మందగిస్తే మెయిన్ పంపు విప్పేముందు పైలట్ లైన్‌కి గేజ్ పెట్టి చూడండి.