వేసవి కోటుకి లినెన్ మేలా, ఉన్ని మేలా?

వేసవిలో కోటు అనగానే చాలామంది లినెన్ వైపే చూస్తారు. పక్కనే పలుచని ఉన్ని కోటు వేలాడుతున్నా, ఎండాకాలంలో ఉన్ని ఏమిటని చెయ్యి అటు పోదు. కానీ రోజంతా వేసుకుని తిరగడానికి ఒక్కటే కోటు కొనేట్టయితే నేను ఉన్నిదే తీసుకోమంటాను.

అసలు గుడ్డ కంటే ముందు కోటు లోపల చూడాలి. మామూలు సూటు కోటులో ఆకారం నిలబెట్టే గట్టి కాన్వాస్ గుడ్డ, భుజాల్లో ప్యాడింగ్, ఒళ్లంతా లైనింగ్ ఉంటాయి. ఉక్కపోత చాలావరకు వాటివల్లే. లైనింగ్ పాలిస్టర్‌దైతే చెమట ఆరదు, పైగుడ్డ ఎంత మంచిదైనా లాభం లేదు. ఇటలీలోని నేపుల్స్ దర్జీలు 1930లలోనే ఈ బరువు తగ్గించడం మొదలుపెట్టారు. 1975లో మిలాన్‌లో సొంత సంస్థ పెట్టిన డిజైనర్ జార్జియో అర్మానీ ప్యాడింగ్, లైనింగ్ తీసేసి, ఒంటిమీద చొక్కాలా జారే కోటుని లోకానికి అలవాటు చేశారు. ఇప్పుడు డిజైనర్ల వేసవి కలెక్షన్లలో వచ్చే వదులు కోట్లు ఆ దారిలో వచ్చినవే. కాబట్టి కొనేముందు కోటుని తిరగేసి చూడండి. వీపు మీద లైనింగ్ లేకుండా, లోపలి కుట్ల అంచులు పైపింగ్‌తో, అంటే సన్నని గుడ్డ పట్టీతో, శుభ్రంగా ముగిసి ఉంటే అది వేసవికి పనికొచ్చేదే. చేతుల్లో మాత్రం లైనింగ్ ఉండాలి, లేకపోతే తొడుక్కునేటప్పుడు చొక్కాని పట్టేస్తుంది.

లినెన్ అవిసె మొక్క కాండం నుంచి తీసే నార. చెమటని చప్పున పీల్చుకుని చప్పున ఆరిపోతుంది. కాస్త బిరుసు కాబట్టి ఒంటికి అంటుకోదు. ఆ చల్లదనానికి సాటి లేదు. అయితే నారకి సాగే గుణం లేదు, పడ్డ ముడత పడ్డట్టే ఉంటుంది. వదులు కోటు మీద ఆ ముడతలు నాకు ఎంతో అందంగా కనిపిస్తాయి, కానీ మీటింగ్‌లో కూర్చున్నప్పుడు అందరూ అలా అనుకోరు. చాలామంది పలుచని లినెన్ ఏరుకుంటారు. అది కాగితంలా నలుగుతుంది. కొంచెం బరువైన లినెన్ తీసుకుంటే ముడతలు పెద్దవిగా, మెత్తగా పడతాయి.

ఇక ఉన్ని. చలికోటు ఉన్ని కాదు, ట్రాపికల్ వూల్, ఫ్రెస్కో అనే పేర్లతో దొరికే రకం. దారాన్ని గట్టిగా పురి తిప్పి, సందులు వదిలి నేస్తారు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఆ సన్నని సందులు కనిపిస్తాయి, గాలి వాటిలోంచే ఆడుతుంది. ఉన్ని పోగు సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది, నలిగినా మళ్లీ లేస్తుంది. ప్రయాణం చేసి వచ్చి రాత్రి హ్యాంగర్‌కి తగిలిస్తే పొద్దుటికి ముడతలు చాలావరకు పోతాయి. కొందరికి చర్మం మీద గరుగ్గా అనిపిస్తుంది, ధర కూడా సాధారణంగా ఎక్కువే. అయినా ఆఫీసుకీ ప్రయాణానికీ దీన్ని మించింది లేదు. సాయంత్రం పార్టీలకీ సెలవులకీ లినెన్.

కాటన్ చెమటని పట్టుకుని నెమ్మదిగా ఆరుతుంది, అందుకే కోటుకి నాకు నచ్చదు. సీర్‌సకర్ అనే కాటన్ గుడ్డ వేరు. దాని ముడతలు నేతలోనే ఉంటాయి కాబట్టి గుడ్డ ఒంటికి ఆనదు, ఇస్త్రీ టెన్షన్ కూడా లేదు.

వదులు కోటు కావాలని ఒక సైజు పెద్దది మాత్రం తీసుకోకండి. భుజాలు జారి, చేతులు అరచేతిదాకా వస్తాయి. కావలసిన వదులు డిజైనర్ ఛాతీ దగ్గర, నడుము దగ్గర ముందే ఇచ్చి ఉంటాడు. మీ సైజే వేసుకుని చేతులు ముందుకి చాచి చూడండి, వీపు దగ్గర బిగుసుకోకపోతే అది మీకు సరిపోయినట్టే.