గట్టు తగాదా: దావా వెనక్కి తీసుకోవడమా, లోక్ అదాలత్‌లో రాజీయా?

కోనసీమలో గట్టు తగాదా అంటే జానెడు నేల, రెండు కొబ్బరి చెట్లు. అమలాపురం కోర్టుకు నాలుగేళ్లు తిరిగేసరికి ఇద్దరికీ విసుగొస్తుంది. విచారణకు ముందే ముగిస్తే ఖర్చులెవరివి?

కోర్టు ఫీజు: లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం వెనక్కిస్తారు. దావా ఊరికే వెనక్కి తీసుకుంటే ఆ భరోసా లేదు.

అవతలివారి ఖర్చులు: అసలు మెలిక ఇక్కడే. దావా వేసినవారే వెనక్కి తగ్గితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 కింద జడ్జి ఆ ఖర్చులు వారిమీద వేయొచ్చు. రాజీలో అయితే మీరిద్దరే తేల్చుకోవచ్చు. “ఎవరి ఖర్చులు వారివే” అన్న ఒక్క ముక్క కాగితం మీద ఉండాలి సుమా, నోటిమాట చాలదు.

తర్వాత: కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకుంటే అదే విషయం మీద మళ్లీ దావా వేయలేరు. లోక్ అదాలత్ అవార్డుపై, అంటే అక్కడిచ్చే తీర్పుపై, అప్పీలు లేదు.

ప్లీడరు ఫీజు: ఎటు పోయినా మన జేబే.

మీ సర్వే కాగితాలు బలహీనంగా ఉండి, అవతలివారు మొండికేస్తే వెనక్కి తీసుకోవడమే నయం. ఖర్చులు వేయకుండా ఆర్డరివ్వమని ప్లీడరుచేత అడిగించండి. టీ కొట్టు దగ్గర ఇంకా పలకరించుకుంటున్నారా? లోక్ అదాలత్‌కే వెళ్లండి. హద్దురాయి ఎక్కడ పాతాలో కూడా అందులోనే రాయించుకోండి.