ఆరు వానాకాలాలు తట్టుకున్న ప్రీయాంప్

మా హ్యామ్ రేడియో క్లబ్ రిపీటర్, అంటే దూరపు సిగ్నల్ అందుకుని మళ్లీ బలంగా పంపే రేడియో, విశాఖ వైపు ఒక కొండ మీద ఉంది. 145 మెగాహెర్ట్జ్, 25 వాట్లు. మొదటి రెండేళ్లలో మూడు ప్రీయాంప్‌లు (రిసీవర్‌కి ముందు బలహీన సిగ్నల్‌ని పెంచేవి) పోయాయి. ఒక్కటీ పూర్తిగా చావలేదు, అసలు చిక్కు అదే. దగ్గరివాళ్లకి రిపీటర్ మామూలుగానే పలికేది. అనకాపల్లి నుంచి హ్యాండ్‌సెట్‌తో పిలిచేవాళ్లే వినపడేవారు కాదు. "రిపీటర్‌కి చెవుడొచ్చిందండీ" అని ఫోన్ వస్తే గానీ మాకు తెలిసేది కాదు. తుపాను వేళ ఆ దూరపు గొంతులే ముఖ్యం కదా, నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

పిడుగులే కారణం అనుకున్నాం. కానీ మూడోది పిడుగులు లేని జనవరిలో పోయింది. వెతికితే, కరెంటు పోతే బ్యాటరీకి మార్చే రిలే కాయిల్‌కి డయోడ్ లేదు. రిలే వదిలిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీ ప్రీయాంప్ సప్లై లైన్లోకి వెళ్తోంది. కాయిల్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్, ప్రీయాంప్‌కి విడిగా రెగ్యులేటర్, దాని ముందు వోల్టేజీ ఎగిసిపడితే అడ్డుకునే టీవీఎస్ డయోడ్ పెట్టాం.

పిడుగుల సంగతి వేరు. యాంటెన్నా కేబుల్ గదిలోకి వచ్చేచోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (ఎక్కువ వోల్టేజీని గ్రౌండ్‌కి మళ్లించేది) ముందే ఉంది. అది పనిచేయడం మొదలయ్యేసరికే వందల వోల్టులు లోపలికి దాటిపోతాయి, ప్రీయాంప్‌లోని ఫెట్ (ట్రాన్సిస్టర్) గేటు పోవడానికి కొద్ది వోల్టులు చాలు. అందుకే డ్యూప్లెక్సర్‌కీ (ఒకే యాంటెన్నాతో పంపడం, అందుకోవడం రెండూ కుదిర్చేది) ప్రీయాంప్‌కీ మధ్య లూప్ కప్లింగ్ ఉన్న బ్యాండ్‌పాస్ క్యావిటీ, అంటే మన ఫ్రీక్వెన్సీని మాత్రమే వదిలే లోహపు డబ్బా ఫిల్టర్, చేర్చాం. లూపుల రెండో కొస గ్రౌండ్‌కే ఉంటుంది, పిడుగు శక్తి ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, కాబట్టి అది క్యావిటీ దాటి రాలేదు. పక్క టవర్ల సిగ్నళ్లు కూడా తగ్గాయి. అరెస్టర్, క్యాబినెట్, సప్లై గ్రౌండ్లన్నీ ఒకే రాగి పట్టీకి కలిపాం.

ప్రీయాంప్ ఇన్‌పుట్‌లో రక్షణకి ఎదురెదురు డయోడ్లు పెట్టమని కొందరు చెప్పారు. బలమైన ట్రాన్స్‌మిటర్లున్న కొండ మీద అవే ఇంటర్‌మాడ్ (సిగ్నళ్లు కలిసి పుట్టే దొంగ సిగ్నళ్లు) పుట్టిస్తాయి, నేను వద్దంటాను.

క్యావిటీతో సిగ్నల్ దాదాపు ఒక డీబీ పోతుంది. ఈ బ్యాండులో బయటి నాయిసే ఎక్కువ కాబట్టి ఆ నష్టం తెలియలేదు. నాయిస్ ఫిగర్ (ప్రీయాంప్ తనంతట తాను కలిపే నాయిస్) ఇంకో అర డీబీ తక్కువని ఖరీదైన ప్రీయాంప్ కొనే బదులు ఆ డబ్బు క్యావిటీకి పెట్టండి.

నాలుగోది పెట్టి ఆరేళ్లయింది. ఏటా మే నెలలో సిగ్నల్ జనరేటర్ కొండెక్కిస్తాం. మాట అర్థమయ్యేపాటి సిగ్నల్‌కి (12 డీబీ సినాడ్) మొదట్లో 0.17 మైక్రోవోల్టులు చాలేవి, ఈ ఏడాది 0.18, అంటే చెవుడు రాలేదు. ఉప్పుగాలికి క్యావిటీ కనెక్టర్లు నల్లబడుతున్నాయి, వాటిని ఈ వానలకి ముందే మార్చాలి.