కరెంట్ అకౌంట్ మార్చి రెండేళ్లు: ఛార్జీలు తగ్గాయి, ఆటో డెబిట్ దెబ్బ తీసింది

కొత్త బ్యాంకు మీద నాకు ఫిర్యాదు పెద్దగా లేదు. నా మంటంతా పాత అకౌంట్‌కు అతుక్కుని ఉండిపోయిన ఒక్క ఆటో డెబిట్ మీదే. బ్యాంకు మారాలనుకునే చిన్న వ్యాపారులు ముందు చూసుకోవాల్సింది దాన్నే.

మాది బెంగళూరు మారతహళ్లిలో కర్రీ పాయింట్, సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్. పాత అకౌంట్‌లో నెల సగటు బ్యాలెన్స్ 25,000 ఉండాలి. తగ్గితే 750, దాని మీద 18 శాతం జీఎస్టీ 135, వెరసి 885. ఈ సగటు దగ్గరే చాలామంది పొరబడతారు. నెలాఖరున డబ్బు వేసేస్తే సరిపోదు. రోజూ మిగిలిన బ్యాలెన్స్‌లన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగిస్తారు. 30 రోజుల నెలకు ఆ కూడిక 7,50,000 కావాలి. మొదటి 20 రోజులు పదేసి వేలే ఉంటే, మిగతా పది రోజులూ 55,000 కదలకుండా ఉంచాలి. యశ్వంతపుర హోల్‌సేల్ మార్కెట్ యార్డులో బియ్యానికి, పప్పులకు కట్టాల్సిన డబ్బును అలా కట్టిపడేయలేం. కరెంట్ అకౌంట్‌లో వడ్డీ కూడా రాదాయె.

కొత్త అకౌంట్‌కు మినిమమ్ బ్యాలెన్స్ లేదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్), జీఎస్టీ సర్టిఫికెట్లు ఇస్తే తెరిచారు. అక్కడిదాకా అంతా సాఫీగానే జరిగింది.

తేడా వచ్చింది క్రెడిట్ కార్డుతో. కార్డు పాత బ్యాంకుదే. ఏడాది ఫీజు తప్పుతుందని దాన్నీ వదిలించుకోవాలనుకున్నాం. అయితే కార్డు బిల్లు మొత్తం పాత కరెంట్ అకౌంట్ నుంచి దానంతటదే కట్ అయ్యేలా ఎప్పుడో పెట్టిన ఏర్పాటు ఉంది. అకౌంట్ ఖాళీ చేసిన వారానికి 38,400 బిల్లు గడువు వచ్చింది, డబ్బు లేక డెబిట్ ఫెయిలైంది. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేట్ ఫీజు వేయాలని ఆర్‌బీఐ నిబంధన. మెసేజ్ కంటపడేసరికి ఐదో రోజు. లేట్ ఫీజు 950, డెబిట్ ఫెయిలైనందుకు 500, నెలకు 3.6 శాతం చొప్పున వడ్డీ 1,727, వీటన్నిటి మీదా జీఎస్టీ. మొత్తం 3,749. నెలకు 885 మిగుల్చుకుందామని బయల్దేరితే నాలుగు నెలల మిగులు ఒక్క బిల్లులో పోయింది. వడ్డీ అంత ఎందుకయిందంటే, దాన్ని గడువు తేదీ నుంచి కాకుండా ఒక్కో వస్తువు కొన్న రోజు నుంచి లెక్కగడతారు.

అంతటితో అయిపోలేదు. పాత బాకీ ఉన్నన్ని రోజులూ కొత్తగా కార్డు మీద కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది. మధ్యలో నూనె డబ్బాలు కార్డు మీదే తీసుకున్నాం. తర్వాతి బిల్లు పూర్తిగా కట్టి కార్డు మూసేయమని అడిగితే, బిల్లులోకి ఎక్కని వడ్డీ ఉందని రిక్వెస్ట్ తిప్పికొట్టారు. ఎంతా అంటే 212 రూపాయలు! 2022 నాటి ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూయకపోతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మనకు ఇవ్వాలి. కానీ బాకీ ఏమీ లేకుంటేనే అది వర్తిస్తుంది. 212 ఉన్నా ఆ లెక్క మొదలు కాదు. కాబట్టి మూసేయమని అడిగే ముందు కార్డు వాడటం ఆపేసి, బిల్లులోకి రాని వడ్డీతో కలిపి ఈ రోజుకు ఎంత కట్టాలో కస్టమర్ కేర్‌ని అడగండి. దానికి ఇంకో 500 కలిపి కట్టండి. ఎక్కువైంది తిరిగి ఇవ్వాల్సిందే. అది ఎక్కడ వేయాలో కొత్త అకౌంట్ నంబరు మాత్రం ముందే ఇవ్వండి, లేకపోతే మూయబోయే అకౌంట్‌లోనే పడే ప్రమాదం ఉంది.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు మనవాళ్ల అకౌంట్ నంబర్లు అలాగే ఉన్నాయి, ఐఎఫ్‌ఎస్‌సీలు మారాయంతే. మనంతట మనం బ్యాంకు మారితే అలా కాదు. మొబైల్ నంబరులా అకౌంట్ నంబరు వెంట తెచ్చుకునే వీల్లేదు, ఒక్కో ఏర్పాటూ మనమే మార్చుకోవాలి. మూడు నెలల స్టేట్‌మెంట్ చూస్తే చాలదు. ఏడాదికోసారి పోయే ఇన్సూరెన్స్ ప్రీమియంలు అందులో కనబడవు. 13 నెలలది తీసి డెబిట్లన్నీ చూడండి. యూపీఐ ఆటోపేలు యూపీఐ యాప్‌లో దొరుకుతాయి. అదే బ్యాంకు కార్డుకు పెట్టిన ఆటో డెబిట్ మాత్రం అక్కడ కనబడదు, కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి వెతకాలి. మేం చూడనిది అదే.

ఎవరికైనా చెక్కులు ఇచ్చి ఉంటే, అవన్నీ పాసయ్యేదాకా పాత అకౌంట్ మూయకండి. చెక్కు దాని మీది తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. అకౌంట్ మూసేసినందువల్ల తిరిగొచ్చిన చెక్కుకూ చెక్ బౌన్స్ కేసులు పెట్టే 138వ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. జీఎస్టీ పోర్టల్‌లో బ్యాంకు అకౌంట్ మార్చడం తేలిక, ఆఫీసర్ అనుమతి అక్కర్లేదు.

మొదటి ఆరు నెలల్లో ఈ కొత్త అకౌంట్ తీసుకోమని తెలిసినవాళ్లకు గట్టిగానే చెప్పాను. ఇప్పుడు ముందు మీ క్యాష్ ఎంత అని అడుగుతున్నాను. ఇందులో నెలకు లక్ష దాకా క్యాష్ డిపాజిట్ ఉచితం, ఆపైన వెయ్యికి 4 రూపాయలు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ రాబడి లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో చాలా షాపులు క్యూఆర్ కోడ్లు తీసేశాయి. మేం తీయలేదు. అయినా అందరూ క్యాషే అడుగుతుండటంతో జనం నోట్లు పట్టుకునే వచ్చారు. ఆ నెల మూడున్నర లక్షలు డిపాజిట్ చేస్తే జీఎస్టీతో కలిపి ఛార్జీ 1,180 పడింది. పాత అకౌంట్‌లో అదంతా ఉచిత పరిమితిలోనే ఉండేది. లెక్కేస్తే, నెల క్యాష్ 2,87,500 దాటితే పాత బ్యాంకు 885 జరిమానాయే చవక.

మాకు ఇప్పుడు అమ్మకాల్లో ఎక్కువ భాగం యూపీఐలోనే వస్తోంది, అందుకే కొత్త అకౌంట్‌లోనే ఉన్నాం. కేఆర్ మార్కెట్‌లోనో చిక్‌పేటలోనో రోజూ నోట్ల కట్టలు లెక్కపెట్టే షాపుకు మాత్రం దీన్ని తీసుకోమని చెప్పలేను. పీజీ హాస్టళ్ల భోజనాల ఆర్డర్లు వస్తున్నాయి, వాళ్లిచ్చేది క్యాషే. అవి పెరిగితే మేమూ మళ్లీ లెక్క వేసుకోవాలి.