కటింగ్ ఫిల్లింగ్‌గా మారే చోట సివిల్ త్రీడీ: ఏడేళ్ల వాడకం తర్వాత

ఏడేళ్లుగా సివిల్ త్రీడీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రోడ్లు గీస్తున్నాను. లేబుళ్లు, షీట్లు, ప్రొఫైళ్ల గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పబోయేది ఒక్క చోటు గురించే: కటింగ్ (నేలను తవ్వడం) అయిపోయి ఫిల్లింగ్ (మట్టి పోయడం) మొదలయ్యే ఆ పాతిక ముప్పై మీటర్లు. ఎవరి మోడల్ చేతికొచ్చినా ముందు అక్కడికే వెళ్లి చూస్తాను.

పైకి పని సులువే. రోడ్డు అంచు నుంచి నేలదాకా వాలు గీసే ముక్క డేలైట్ సబ్‌అసెంబ్లీ. దానికి నేల సర్ఫేస్‌ను (నేల ఉపరితలం మోడల్‌ను) టార్గెట్‌గా ఇస్తే చాలు. రోడ్డు అంచు నేల కన్నా కిందుంటే కటింగ్ వాలుతో పైకి, నేల కన్నా పైనుంటే ఫిల్లింగ్ వాలుతో కిందికి తనే వెళ్లి నేలను పట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది, ఇప్పటికీ వేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ నిర్ణయం సెక్షన్ (రోడ్డుకు అడ్డుకోత) పడిన చోటే జరుగుతుంది. మధ్యలో ఏముందో దానికి పట్టదు. మెట్రిక్‌లో డిఫాల్ట్‌గా తిన్నటి భాగంలో 25 మీటర్లకో సెక్షన్ పడుతుంది. చైనేజ్ (రోడ్డు మొదటి నుంచి మీటర్లలో దూరం) 300 దగ్గర కటింగ్, 325 దగ్గర ఫిల్లింగ్ వచ్చిందనుకోండి, రెంటినీ తిన్నటి గీతలతో కలిపేసి ఊరుకుంటుంది. అసలు మార్పు 310లో జరిగిందా, 322లో జరిగిందా అన్నది మోడల్‌లో ఎక్కడా ఉండదు.

మొదటి ఏడాది నేను దీన్ని పట్టించుకోలేదు. అడ్డంగా వాలిన నేల, ఒక పక్క త్రికోణంలా కటింగ్: 300 దగ్గర 12 చదరపు మీటర్లు, 325 దగ్గర సున్నా. రెండు చివరల వైశాల్యాల సగటును దూరంతో హెచ్చవేసే సగటు వైశాల్య పద్ధతిలో 150 ఘనపు మీటర్లని రిపోర్టు వచ్చింది, అలాగే పంపించాను. నిజానికి ఆ కటింగ్ 310కే ముగిసింది. లోతూ వెడల్పూ రెండూ తగ్గుతూ కొసదేలే ఆకారం పిరమిడ్ కదా, దాని ఘనపరిమాణం వైశాల్యాన్ని పొడవుతో హెచ్చవేసి మూడుతో భాగిస్తే వచ్చేది: 40. మిగతా 110 నేను గాలిలో తవ్వాను. సరైన చోట సెక్షన్ వేసి ఉన్నా సగటు పద్ధతి 60 అనే చెప్పేది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, అడిగిన లెక్కే చేసింది. ఇంకో తమాషా ఏమిటంటే ఫిల్లింగ్ కూడా ఇలాగే పెరుగుతుంది, అందుకని రెంటి తేడా మాత్రమే చూసేవాళ్లకు ఏ తప్పూ కనబడదు.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. ముందు ఉజ్జాయింపుగా ఒక కారిడార్ (రోడ్డు త్రీడీ మోడల్) కట్టి, దాని సర్ఫేస్‌కూ నేలకూ మధ్య ఎత్తు తేడా చూపే టిన్ వాల్యూమ్ సర్ఫేస్ తీస్తాను. అందులో సున్నా కాంటూరే, అంటే ఆ తేడా సున్నా అయ్యే గీతే, కటింగ్‌కూ ఫిల్లింగ్‌కూ సరిహద్దు. ఆ గీత రోడ్డును సరిగ్గా అడ్డంగా కోయడం అరుదు. ఎడమ అంచు దగ్గర 306, మధ్యలో 312, కుడి అంచు దగ్గర 319, ఇలా ఏటవాలుగా పోతుంది. ఆ మూడు చైనేజ్‌ల దగ్గరా చేత్తో సెక్షన్లు పెట్టి, ఆ ముక్కను విడి రీజియన్ (కారిడార్‌లో వేరే భాగం) చేసి ఫ్రీక్వెన్సీ, అంటే సెక్షన్ల మధ్య దూరం, మీటరుకో రెండు మీటర్లకో దించుతాను. రోడ్డంతా మీటరు పెడితే మాత్రం ప్రతి రీబిల్డ్‌కీ టీ తాగి రావచ్చు.

సైడ్ డ్రెయిన్ ఇంకా మొండిది. కటింగ్‌లో డ్రెయిన్ ఉంటుంది, ఫిల్లింగ్‌లో ఉండదు. కటింగా ఫిల్లింగా అని చూసి మార్చే కండిషనల్ సబ్‌అసెంబ్లీ ఉంది, దాని కింద రెండు రకాల వాలులూ తగిలించుకోవచ్చు. కానీ షరతు మారిన సెక్షన్‌లో డ్రెయిన్ ఒక్కసారిగా మాయమవుతుంది. ప్లాన్‌లో చూస్తే అంతా బాగానే ఉంటుంది, త్రీడీలో తిప్పి చూస్తే డ్రెయిన్ మూతికి మట్టి కొట్టినట్టుంటుంది. వచ్చిన నీళ్లు ఎటు పోవాలి? అందుకే డ్రెయిన్‌ను షరతుకు వదలను. దానికి సొంత ప్రొఫైల్ (పొడవునా ఎత్తులు చూపే గీత) ఇచ్చి, సున్నా దాటి, నేల డ్రెయిన్ అడుగు కన్నా కిందికి దిగేదాకా లాక్కుపోతాను. నేల రోడ్డు మట్టానికి దగ్గరగా నడిచే చోట సర్వేలోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకే కటింగ్, ఫిల్లింగ్, మళ్లీ కటింగ్ అని ఆ షరతు ఊగిసలాడుతుంది. ఆ సబ్‌అసెంబ్లీలో ఉన్న కనీస, గరిష్ఠ దూరాల విలువలు అక్కడ పనికొస్తాయి.

రోడ్డు కాకుండా చిన్న ప్యాడ్ (చదును చేసే స్థలం) అయితే కారిడార్ జోలికి పోను. గ్రేడింగ్ అనే టూల్‌లో కట్ వాలు, ఫిల్ వాలు విడిగా ఇస్తే చాలు. ఇక కారిడార్ సర్ఫేస్‌కు బయటి హద్దు పెట్టడం మరవకండి, లేకపోతే వంపుల లోపల లేని మట్టి పుడుతుంది.

నాకున్న ఒకే ఒక్క పేచీ: రోడ్డు ప్రొఫైల్ పది సెంటీమీటర్లు కదిలితే సున్నా గీత మీటర్ల కొద్దీ జరుగుతుంది, చేత్తో పెట్టిన సెక్షన్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మళ్లీ కాంటూర్ తీయాలి, పాతవి తీసేయాలి, కొత్తవి పెట్టాలి. అందుకే ప్రొఫైల్ ఖరారైందని చెప్పేదాకా ఆ పని ముట్టుకోను. ఖరారైందని చెప్పాక కూడా రెండు రోజులు ఆగుతాను.