కోటింగ్ కంటే కడగడమే బాగా చేశారు

ముందే చెప్పేస్తున్నాను, నేను 31 ఏళ్లు ఓడలకి వేసే రంగు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఓడ పొట్టమీద ఎన్ని మైక్రాన్ల రంగు పడిందో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం కొలిచే గేజ్ పెట్టి చూడ్డం, తక్కువ పడితే మళ్లీ వెయ్యమని కాంట్రాక్టరుతో పేచీ పెట్టుకోవడం నా ఉద్యోగం. కాబట్టి మా కొత్త కారుని కడిగి, పాలిష్ పెట్టి, పైన రంగుని కాపాడే కోటింగ్ వేసిన వైజాగ్ మద్దిలపాలెం వైపు చిన్న డిటైలింగ్ షాపు కుర్రాళ్లకి నేను తగలడం వాళ్ల ఖర్మ. మొత్తం 18,500 రూపాయలు ఇచ్చాను, కారు మూడు రోజులు వాళ్ల దగ్గర ఉంచాను. ఐదు నెలలు ఎండా వానా చూశాక రాస్తున్నాను.

కారు ముదురు నీలం. "తెలుపు తీసుకో నాన్నా, గీతలు కనబడవు" అని మా అమ్మాయి ఫోన్లో మొత్తుకుంది. మా ఆవిడకి నీలమే నచ్చింది. ఇంక చర్చ లేదు.

డెలివరీ రోజు షోరూమ్‌లో బిల్లు చూస్తే "టెఫ్లాన్ కోటింగ్ 6,500" అని ఒక లైను ఉంది. ఎప్పుడు చేశారు బాబూ అంటే "నిన్న రాత్రి చేసేశాం సార్" అన్నాడు. టాప్ మీద వేలు పెట్టి లాగితే వేలికి సన్నటి ఇసుక అంటింది. ఏం రాశారు, ఎంత మందం, ముందు దేంతో కడిగారు అని అడిగితే "అది కంపెనీ ట్రీట్‌మెంట్ సార్" అన్న ఒక్క ముక్కే మూడుసార్లు చెప్పాడు. ఆ లైను కొట్టించేసి బయటపడ్డాను. షోరూమ్ పేరు రాయను. మీరు కొన్న చోట ఏం రాశారో మీ బిల్లు తీసి మీరే చూసుకోండి.

తర్వాత అసలు నష్టం మా ఇంటివాళ్ల చేతుల్లోనే జరిగింది. వైజాగ్‌లో కొత్త బండి కొంటే ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లకుండా ఎవరూ ఇంటికి తోలుకుపోరు. మేమూ వెళ్లాం. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, కుంకుమ, దండ, కొబ్బరికాయ, అన్నీ శాస్త్రోక్తంగా అయ్యాయి. ఇంటికొచ్చాక మా బావమరిది ఉత్సాహంగా భుజం మీద తువ్వాలు తీసి, నీటిచుక్క లేకుండా ఆ పసుపూ కుంకుమా గుండ్రంగా తుడిచేశాడు. నేను లిఫ్ట్ దిగి వచ్చేసరికి పని పూర్తయింది. సాయంత్రం వీధి దీపం కింద చూద్దును కదా, బానెట్ మీద సాలెగూడులా సన్నటి గీతలు! పసుపు మరక సంగతి భయపడక్కర్లేదు, నాలుగు రోజులు ఎండ తగిలితే అదే వెలిసిపోతుంది. గీతలు పడింది పసుపు వల్ల కాదు, దాని కింద ఉన్న రోడ్డు దుమ్ము వల్ల. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఆ సాలెగూడు వదిలించుకోవడానికే షాపు వెతుక్కున్నాను. నాలుగు చోట్ల తిరిగాను. ఒకచోట "నైన్ హెచ్ సార్, తాళంచెవితో గీసినా గీత పడదు" అన్నారు. నైన్ హెచ్ అంటే పెన్సిలు గట్టిదనం. పెయింట్ల పరీక్షలో రకరకాల పెన్సిళ్లతో గీసి చూస్తాం, అందులో గట్టి పెన్సిలు అది. వజ్రాల, రాళ్ల గట్టిదనం చెప్పే కొలబద్దకీ దీనికీ సంబంధం లేదు. ఇంకోచోట లైటర్ వెలిగించి బానెట్ మీద పెట్టి చూపించారు. అలా రెండు క్షణాలు పెడితే ఏ కోటింగూ లేని కారు రంగు కూడా కాలదు నాయనా అని చెప్పి వచ్చేశాను.

మద్దిలపాలెం కుర్రాడు మాత్రం కోటింగ్ ఊసే ఎత్తలేదు. ఒక పల్చటి పాలిథిన్ కవరు నా చేతికి తొడిగి, "డోరు మీద మెల్లిగా రాయండి సార్" అన్నాడు. ఉత్త చేత్తో రాస్తే నున్నగా ఉన్న డోరు కవరు తొడిగితే గరుకు కాగితంలా చరచరలాడింది. కారు పుట్టి రెండు నెలలైనా కాలేదు. ఫ్యాక్టరీ నుంచి ట్రైలర్ల మీదా, యార్డుల్లో ఆరుబయటా గడిపిన రోజుల్లో బ్రేకుల పొడి, ఇనుప రజను వచ్చి రంగులో గుచ్చుకుంటాయి. మన ఊళ్లో ఇది వింతేం కాదు. షిప్‌యార్డు దగ్గర సింధియా వైపు కాపురమున్న రోజుల్లో మా ఆవిడ డాబా మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి దులిపితే నల్లపొడి రాలేది. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో నల్లపొడి తగ్గింది గానీ, సముద్రం దగ్గరయింది. తెల్లారేసరికి అద్దాల మీద జిగురుగా ఉండే ఆ పొర ఉప్పే.

మొదటి రోజంతా కడగడమే. నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాను, వాళ్లకి ఇష్టమున్నా లేకపోయినా. ముందు చక్రాలు, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్షు. తర్వాత ఉత్త నీళ్ల ప్రెషర్, ఆపైన నురుగు కొట్టి ఐదు నిమిషాలు వదిలేశారు. అప్పుడు గానీ చెయ్యి వెయ్యలేదు. సబ్బు నీళ్లకి ఒక బకెట్, గ్లవ్ జాడించడానికి ఇంకో బకెట్, అడుగున జాలీ. పైనుంచి కిందికి, ప్రతి పలకకీ ఒకసారి జాడించడం. జాడించే బకెట్ అడుగున చేరిన మన్ను నాకు చూపించి, "ఒక్క బకెట్టే అయితే ఇదంతా మళ్లీ మీ బండి మీద రుద్దేవాళ్లం" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను వాడికి సగం మార్కులు వేసేశాను.

తర్వాత ఇనుప రజను కరిగించే మందు కొట్టారు. రెండు నిమిషాల్లో డోర్ల కింది భాగం నుంచి ఊదారంగు చారలు కారడం మొదలైంది, కుళ్లిన కోడిగుడ్డు కంపుతో సహా. ఎక్కడ ఇనుము ఉంటే అక్కడ రంగు మారుతుంది. ఏ శివార్లలోనో గోడౌన్ పెట్టుకోండి, ఇలా జనం మధ్య ఆ వాసనేంటి అని పక్క కొట్టాయన అరిచాడు, ఆయన బాధ న్యాయమే. చివర్లో క్లే, అంటే మైనం ముద్దలాంటిది, సబ్బునీళ్లు చల్లుతూ జారిస్తే మిగిలినదంతా లాక్కొచ్చింది. మళ్లీ కవరు తొడిగి రాశాను. చప్పుడు లేదు.

ఓడలకి రంగు నిలవడమన్నది రంగు డబ్బాలో ఉండదు, ముందు పలకని ఎలా శుభ్రం చేశామన్న దాంట్లో ఉంటుంది. ఉప్పు మీద వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా బుడగలొచ్చి లేస్తుంది. ఈ కుర్రాడికి ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ చేతికి తెలుసు.

రెండో రోజు పాలిష్. ఇక్కడే మాకు చిన్న గొడవ. మూడు విడతల పాలిష్ చేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. కారు మీద రంగులన్నీ కలిపితే సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70. అందులో పైన మెరిసే క్లియర్ కోటు 40, 50 ఉంటుందేమో. ఓడ అడుగుకి మేము 300 పైన వేసేవాళ్లం, అదీ కొన్నేళ్లకి మళ్లీ డాక్ ఎక్కేదాకానే. ఉన్నదే ఇంత పల్చన అయితే కొత్త కారు మీద మూడుసార్లు అరగదీయడం దేనికి? నా గేజ్ సంచిలోంచి తీశాను. బానెట్ 112, డోరు 118, టాప్ 106. బంపర్ మీద పెడితే ఏమీ చూపించలేదు, ప్లాస్టిక్ కదా, నా గేజ్‌కి ఇనుము కావాలి. కుర్రాళ్లందరూ పని ఆపేసి చుట్టూ చేరారు. చివరికి మెత్తటి ప్యాడ్‌తో ఒక్క విడతకి ఒప్పందం కుదిరింది. మా బావమరిది సాలెగూడు తొంభై పాళ్లు పోయింది. బానెట్ మధ్యలో రెండు లోతు గీతలు మిగిలాయి, వాటిని ఉండనివ్వమన్నాను. తర్వాత గేజ్ పెడితే 111.

కోటింగ్ 30 మిల్లీలీటర్ల చిన్న సీసా. దగ్గుమందు సీసాలో మూడోవంతు కూడా ఉండదు. ముందు స్పిరిట్‌తో పాలిష్ జిడ్డు తుడిచారు. స్పాంజి ముక్కకి మెత్తటి గుడ్డ చుట్టి, పది చుక్కలు వేసి, రెండడుగుల గడి చొప్పున అడ్డంగా, నిలువుగా రాశారు. నీళ్లలో కిరసనాయిలు పడ్డట్టు ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి, తేలిన వెంటనే తుడిచెయ్యాలి. గాలిలో తేమ ఎంతుందో చూశారా అని అడిగాను. తేమ 85 శాతం దాటితే మేము ఓడ మీద బ్రష్షు పెట్టనిచ్చేవాళ్లం కాదు. గోడకి తగిలించిన మీటరు చూపించాడు, ఏసీ గదిలో 58. సరే అన్నాను.

అయినా తప్పు జరిగింది. ఎడమ వెనక డోరు మీద అరచేయంత చోట తుడవడం ఆలస్యమై మబ్బు మరక నిలిచిపోయింది. షాపు లైట్లలో నాకూ కనబడలేదు. మర్నాడు సాయంత్రం బీచ్ రోడ్డులో పార్క్ చేసి పల్లీలు కొనుక్కుంటుంటే ఏటవాలు ఎండలో దొరికింది. తిరిగి తీసుకెళితే వాదించలేదు, ఆ చోటు మళ్లీ పాలిష్ చేసి మళ్లీ రాశారు, పైసా అడగలేదు. నాలాంటి ముసలోడి కళ్లు పట్టుకున్నది వాళ్ల కుర్ర కళ్లు ఎందుకు పట్టుకోలేదన్నదే నా ఫిర్యాదు. కారు అప్పజెప్పే ముందు ఎండలో ఒకసారి తిప్పి చూడాలి.

ఇంతా చేస్తే ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు. నా గేజ్‌కి అందదు కూడా. మరి ఏమిటి ఉపయోగమంటే, మురికి అంటుకోదని కాదు, అంటుకున్నది తొందరగా వదులుతుంది. ఉప్పు పొర ఇప్పుడు ఒక్క నీళ్ల ధారకే పోతోంది. రాయి దెబ్బకి మాత్రం అది అడ్డం కాదు. రెండో నెలలోనే అనకాపల్లి హైవే మీద లారీ టైరు విసిరిన రాయి బానెట్ మీద ఆవగింజంత రంగు ఎగరగొట్టింది. రాళ్లకి కావాల్సింది పీపీఎఫ్, అంటే 150, 200 మైక్రాన్ల పారదర్శక ఫిల్మ్. బండి మొత్తానికి 85,000 అన్నారు. పింఛను మనిషిని, డోరు అంచులకీ హ్యాండిల్ గుంటలకీ మాత్రం వేయించుకున్నాను, నేను చెప్పిన లెక్కలో అదీ కలిసే ఉంది. బానెట్ మీద ఆవగింజని అదే వారం టచప్ పెన్నుతో మూసేశాను. సముద్రపు ఊళ్లో ఇనుము బయటపడితే తుప్పు వాయిదా వెయ్యదు.

ఇంక ఇంట్లో కడగడం. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఎండలో ఆరితే కారంతా తెల్లచుక్కలే. షాపువాడు మెత్తటి నీళ్లు, అంటే ఖనిజాలు తక్కువున్న నీళ్లు, వాడమన్నాడు. మెత్తటి నీళ్లు ఎక్కడ తెచ్చేది? ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. మన ఊరి ఉక్కకి రాత్రికి సగం బకెట్ పైనే దిగుతుంది, ఖనిజాలు లేని నీళ్లు. గుడ్డలో వడగట్టి చివరి జాడింపుకి అదే పోస్తున్నాను. చుక్కలు లేవు. ఈ ఉపాయం షాపువాడికి చెబితే నోట్ చేసుకున్నాడు.

మా వాచ్‌మన్ దగ్గర పాత లుంగీ ముక్క లాక్కుని గ్లవ్ ఇస్తే, "ఏటి బాబూ, ఇది తొడుక్కుంటే బలం పెట్టి రుద్దడానికి అవ్వట్లేదు" అన్నాడు. అందుకే ఇచ్చాను. బాదం చెట్టు మీది గబ్బిలాల రెట్ట ఒక్కటే వాడికి వదలను. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి నేనే ఎత్తి తీస్తాను. మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే మరక రంగులోకి దిగిపోతుంది.

షాపులో కూర్చోడానికి కుర్చీ ఒకటే, కారు నిలపడానికి వీధిలో చోటు లేదు, ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తుతారు. ఆరు నెలలకి ఒకసారి 900 రూపాయలకి కడిగి పొర చూస్తామన్నారు, వచ్చే నెల వెళ్లాలి. ఆ గేజ్ అమ్ముతారా సార్ అని ఆ కుర్రాడు ఇప్పటికే మూడుసార్లు అడిగాడు. ఒక రోజు వాడుకోమని ఇస్తాను గానీ, అమ్మను.